చేపలు వాడివి, చాకిరీ నాది: 280 రూపాయల సైఫన్ గొట్టంతో ఒక ఏడాది

ముందే చెప్తున్నాను, నాకు చేపల పిచ్చి లేదు. ఆ పిచ్చి మా వాడిది. ఇంటర్ మొదటి సంవత్సరంలో మంచి మార్కులు తెస్తే కొనిస్తానని వాళ్ల నాన్న నోరు జారాడు. మార్కులు వచ్చాయి. వాటి వెనకే మూడడుగుల గాజు తొట్టి, అందులోకి ఐదు గోల్డ్ ఫిష్‌లు వచ్చాయి. తర్వాత వాడు బీటెక్ అని హైదరాబాద్ పోయాడు, అక్కడే ఉద్యోగంలో చేరాడు. తొట్టి మాత్రం హన్మకొండ కిషన్‌పురలో, రెండో అంతస్తులో, మా హాల్లో టీవీ పక్కనే ఉండిపోయింది. ఆదివారం ఫోన్ చేస్తే ముందు అడిగేది "నాన్న ఎట్లున్నడు" అని కాదు, "ఒరాండా తింటుందా అమ్మా" అని. ఒరాండా అంటే ఆ గోల్డ్ ఫిష్‌లలో ఒక రకం.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. రోజంతా మిషన్ మీద వంగి కూర్చునే నడుము ఎట్లా ఉంటుందో కుట్టేవాళ్లను అడగండి. ఆ నడుముతో నెలకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి, 15 లీటర్ల బకెట్లు ఏడు బయటికి, మళ్లీ ఏడు లోపలికి మోసేదాన్ని. హాలుకూ బాత్రూంకూ మధ్యలో ఒక గడప. అక్కడ బకెట్ తొణికితే టైల్స్ మీద కాలు జారేది. మా ఆయన సాయం చేయడా అంటే చేస్తాడు. కానీ ప్రతి బకెట్‌కూ "ఇంకెన్నున్నయి?" అని అడుగుతాడు.

పోయిన ఏడాది నుంచి ఆ మోత తప్పింది. తప్పించినవి మూడే వస్తువులు. చేపల దుకాణంలో 280 రూపాయలకు కొన్న సైఫన్ గొట్టం (మోటారు లేకుండా తొట్టి నీళ్లను కిందికి లాగేది), హార్డ్‌వేర్ షాపులో మీటర్ల లెక్కన కోసిచ్చే లెవెల్ పైపు, ఒక కూలర్ మోటారు. ఏడాది వాడాను కాబట్టి మంచీ చెడ్డా రెండూ చెప్తాను.

వీటి కంటే ముందు మా వాడు బ్యాటరీతో నడిచే క్లీనర్ ఒకటి ఆన్‌లైన్‌లో పంపించాడు. కంపెనీ పేరు ఎందుకులెండి. దాదాపు 1,400 అయిందట. చూడ్డానికి ముచ్చటగా ఉంది. బటన్ నొక్కితే గుర్రుమంటూ అడుగు నుంచి నీళ్లు పీల్చి, చెత్తను పైనున్న గుడ్డ సంచిలో పట్టుకుని, నీళ్లను తిరిగి తొట్టిలోకే వదులుతుంది. నీళ్లు పారబోసే పనే లేదని మొదట్లో సంబరపడ్డాను. నాలుగు వారాలకు తెలిసొచ్చింది, తిరకాసు అక్కడే ఉందని. సంచిలో ఆగేది కంటికి కనిపించే చెత్త ఒక్కటే. కుళ్లిన మేత, చేపలు వదిలే మలినం నీళ్లలో కరిగాక ఏ గుడ్డకూ ఆగవు. పాయసం వడగడితే సగ్గుబియ్యం ఆగుతాయి గానీ చక్కెర ఆగుతుందా? అడుగు చూస్తే శుభ్రంగా ఉండేది, నీళ్లు చూస్తే పసుపు పచ్చగా, మూత తీస్తే వాసన. బకెట్లు మోయక తప్పలేదు. రెండు నెలలకు ఆ గుర్రు కూడా ఆగిపోయింది. వాపసు గడువు దాటిందన్నారు, రిపేరుకు ఎక్కడ ఇవ్వాలో చెప్పే దిక్కు లేదు. ఇప్పుడది సజ్జ మీద, పాత మిక్సీ పక్కన ఉంది.

అసలు నేను తొట్టి కడిగే పద్ధతే తప్పని చెప్పింది మా ఆడపడుచు కూతురు. పెబ్బేరు కాలేజీలో ఫిషరీస్ చదువుతోంది. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు నేను కడుగుతుంటే చూసి నెత్తి కొట్టుకుంది. అప్పటికి నా లెక్క ఏమిటంటే, చేపల్ని బకెట్‌లోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లన్నీ తట్టలోకి ఎత్తి, బియ్యం కడిగినట్టు ఐదారు నీళ్లతో కడిగి, ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కసిదీరా పిండి, అన్నీ మళ్లీ పేర్చి కొత్త నీళ్లు పోయడం. ఆ పూటకు తొట్టి మెరిసిపోయేది. మూడో రోజుకు నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడేవి. వారంలోపు ఒక చేప తేలేది. దుకాణంవాడు జబ్బు చేపలు అంటగట్టాడని వాణ్ని తిట్టుకునేదాన్ని. పాపం వాడి తప్పేం లేదు.

"అత్తమ్మా, రాళ్లను గట్ల తోమితే మంచి బ్యాక్టీరియా అంత పోతది. చేపలు మొప్పల నుంచి అమోనియా వదుల్తనే ఉంటయి. దాన్ని తినేటోళ్లు లేకపోతే అదే వాటికి విషమైతది" అంది.

తర్వాత పేపరు మీద గీసి చూపించింది. అమోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుందట. అది కూడా చేపకు చేటే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌తో అంత తొందరగా ప్రమాదం లేదు, కానీ అది పేరుకుంటూ పోతుంది. దాన్ని తీసేయడానికే నీళ్లు మార్చేది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది నీళ్లలో కాదు, రాళ్లకూ ఫిల్టర్ స్పాంజికీ అంటుకుని. నేనేమో నెలనెలా వాటిని కాల్వలో పోసి, చేపలు చస్తున్నాయని ఏడుస్తున్నాను. స్పాంజిని కూడా నల్లా నీళ్లతో కడగొద్దు, తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండాలి అని చెప్పింది. నెలకోసారి మొత్తం కాదు, వారానికోసారి నాలుగో వంతు మార్చాలంది.

"నాలుగో వంతంటే ఎంత బిడ్డా?" అంటే నా మిషన్ మీది టేపే తీసుకుని కొలిచింది. పొడవు 36 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 18. మూడూ గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. లెక్కకు 127. అడుగున రాళ్లు, పైన రెండంగుళాల ఖాళీ తీసేస్తే మా తొట్టిలో ఉండేది 110 లీటర్ల లోపే. అంటే వారానికి సుమారు 28 లీటర్లు, రెండు బకెట్లు. పద్నాలుగు మోతల పని నాలుగు మోతలకు వచ్చింది. ఆ నాలుగు కూడా ఎట్లా తప్పించాలా అన్నది తర్వాతి సంగతి.

సైఫన్ గొట్టం హన్మకొండ చౌరస్తా దగ్గరి దుకాణంలో కొన్నాను. మూడు రకాలు చూపించాడు. ఒకటి ఉత్త పైపు, నోటితో పీల్చాలి. చిన్నప్పుడు మా బాపు కిరోసిన్ డ్రమ్ములోంచి పైపుతో నోటితో లాగి, రెండుసార్లకొకసారి మింగి, వాకిట్లో ఉమ్ముతూ తిరిగేవాడు. నెల రోజుల చేపల పెంట నీళ్లతో ఆ ముచ్చట నాకొద్దు. రెండోది చేత్తో పిసికే రబ్బరు బల్బు ఉన్నది. మూడోది రెండోదాని లాంటిదే, కానీ రంగురంగుల క్లిప్పులు, మార్చుకునే మూతులు, స్పాంజి ముక్క, బ్రష్ అన్నీ కలిపి డబ్బాలో 750.

"అమ్మా, గీ సెట్ తీస్కోండి, అన్ని దీంట్లనే వస్తయి" అన్నాడు.

"తమ్మీ, గా బ్రష్ నాకెందుకు? రాళ్ల మట్టి పోతదా లేదా గది చెప్పు" అన్నాను.

నవ్వి, రెండోదే చాలని చెప్పి ఇచ్చాడు. నిజాయితీగా చెప్పాడు కాబట్టి ఆ దుకాణానికి ఇప్పటికీ పోతున్నాను.

వస్తువు ఎట్లా ఉంటుందంటే, ముందు వైపు జానెడుకు కొంచెం ఎక్కువ పొడవున్న లావు ప్లాస్టిక్ గొట్టం, మన చేతి గాజు పట్టేంత వెడల్పు. దాని మూతికి రాళ్లు దూరేంత సందుల జల్లెడ, చేపలు లోపలికి పోకుండా. ఆ లావు గొట్టం నుంచి సన్న పైపు బయలుదేరి, మధ్యలో రబ్బరు బల్బు, తర్వాత పైపు చివర. బల్బులో రెండు వైపులా చిన్న రెక్కలు ఉంటాయి, నీళ్లు ఒకే దిక్కుకు పోయేటట్టు. బాణం గుర్తు వేసి ఉంటుంది. మొదటి రోజు తిరగేసి పట్టుకుని పది నిమిషాలు పిసికాను, తొట్టిలోకి బుడగలు వచ్చాయి తప్ప బకెట్‌లోకి చుక్క రాలేదు. చేపలు మాత్రం ఆసక్తిగా చూశాయి.

సరిగ్గా పట్టుకుంటే నాలుగైదు పిసుకులకే నీళ్లు అందుకుంటాయి. ఇక చెయ్యి తీసేయొచ్చు, దానంతటదే పారుతుంది. చివర బకెట్‌లో, తొట్టి నీటి మట్టం కంటే కింద ఉండాలి. ఎంత కిందికి ఉంటే అంత జోరు. తొట్టి 30 అంగుళాల స్టాండ్ మీద ఉంది కాబట్టి మాకు ఆ ఇబ్బంది లేదు. బకెట్ నిండటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

అసలు చూడాల్సింది లావు గొట్టంలో. మూతిని రాళ్లలోకి రెండంగుళాలు గుచ్చితే, లోపలి రాళ్లు పైకి లేస్తాయి. కుండలో అన్నం ఉడుకుతుంటే మెతుకులు పైకి లేచి, తిరిగి, కిందపడ్డట్టే ఉంటుంది. గొట్టం వెడల్పుగా ఉన్నచోట నీళ్ల వేగం తక్కువ కాబట్టి రాయి బరువుకు మళ్లీ కిందికి జారుతుంది. రాళ్ల సందుల్లోని గోధుమరంగు మడ్డి తేలిక కాబట్టి పొగలాగా పైకి లేచి సన్న పైపులోకి పోతుంది. పది పన్నెండు లెక్కపెట్టేసరికి గొట్టంలో నీళ్లు తేటబడతాయి. అప్పుడు మూతి ఎత్తి పక్కన గుచ్చాలి. మొదటిసారి చేసినప్పుడు బకెట్‌లో నీళ్లు చిక్కటి టీ రంగులో వచ్చాయి. పైనుంచి చూస్తే తళతళలాడే రాళ్ల కింద ఇంత మడ్డి ఉందా అని నాకే సిగ్గేసింది. కడుపులో కుళ్లు పెట్టుకుని పైకి నవ్వే చుట్టాల్లాగా.

రాళ్లు మరీ పైకి వస్తుంటే సన్న పైపును రెండు వేళ్లతో కాస్త నొక్కితే చాలు, జోరు తగ్గి రాళ్లు కిందికి దిగుతాయి. ఈ ఒక్క కిటుకు తెలియక మొదటి వారం పావుకిలో రాళ్లు బకెట్‌లోకి పంపాను. మావి మినప్పప్పు గింజంత రాళ్లు. మెత్తటి ఇసుక వేసుకున్నవాళ్లు మాత్రం ఇట్లా గుచ్చకూడదు, ఇసుకంతా పైపులో పడిపోతుంది. మూతిని ఇసుకకు అంగుళం పైన ఉంచి, మీద పేరుకున్న చెత్తను మాత్రం లాగాలి.

ఒక వారం ఎడమ సగం, ఇంకో వారం కుడి సగం చేస్తాను. మొత్తం ఒకేసారి కదిపితే బ్యాక్టీరియా బెదురుతుందేమో అని నా భయం. రెండు బకెట్లు నిండేలోపు సగం అడుగు అయిపోతుంది కూడా. ఫిల్టర్ స్విచ్ ముందే ఆపేస్తాను. నీళ్లు తగ్గి మోటారు గాల్లో తిరిగితే కాలిపోతుంది.

సైఫన్‌తో వచ్చే పైపు పొడవు చాలదు. ఇది పెద్ద లోపం. ఐదారు అడుగులు ఇస్తారు. తొట్టి పక్కనే బకెట్ పెట్టుకోవాలి, నిండగానే మోయాలి. అంటే మురికి తీసే బాధ పోయింది గానీ మోసే బాధ పోలేదు. నన్నడిగితే ఈ పనిలో అసలు కష్టం మురికిది కాదు, మోతది. తయారు చేసేవాళ్లకు ఇది ఎందుకు తట్టదో మరి. వాళ్లెవరూ బకెట్ మోసి ఉండరు.

దీనికి మందు చెప్పింది మా తమ్ముడు. మా పుట్టిల్లు హుజూరాబాద్ దిక్కు. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ మా పొలాలకు దగ్గరగా పోతుంది. ఒడ్డు మీంచి పైపులు వేసి, మోటారు లేకుండా, పక్కనున్న పల్లపు మడిలోకి నీళ్లు పారించుకునేవాళ్లను చిన్నప్పుడు ఎంతమందినో చూశాను. పైపు నిండా నీళ్లు పోసి, రెండు చివర్లూ మూసి, ఒకటి కాలువలో ముంచి, ఇంకోటి మడిలో వదిలేయడమే. మా తమ్ముడు ఇంటికొచ్చి, నేను బకెట్ మోస్తుంటే చూసి, "అక్కా, పైపు బాత్రూం దాంక పెడితే అయిపాయె కదనే! నడుమల గడప ఉంటేంది, గుట్ట ఉంటేంది? ఈ కొస కిందికుండాలె, లోపల గాలి ఉండొద్దు. అంతే" అన్నాడు. సంగతి అంతేనా అని నాకే అనిపించింది. మూడేళ్లు మోశాను.

హార్డ్‌వేర్ షాపుకు పోయి 'లెవెల్ పైపు' అని అడగండి. గోడ కట్టేటప్పుడు మేస్త్రీలు మట్టం చూసుకునే తెల్లటి పారదర్శక పైపు. అర అంగుళం సైజు. మీటర్‌కు 20 చొప్పున ఏడు మీటర్లు తీసుకున్నాను, 140. సైఫన్‌తో వచ్చిన పైపు చివరకు దీన్ని కలపడానికి ప్లాస్టిక్ జాయింటు 10 రూపాయలు. జాయింటు బిగుతుగా ఉండి ఎక్కదు. లెవెల్ పైపు కొసను వేడినీళ్ల గ్లాసులో అర నిమిషం ముంచితే మెత్తబడి సాఫీగా ఎక్కుతుంది, చల్లారాక పట్టేసుకుంటుంది. ఆకుపచ్చ గార్డెన్ పైపు కూడా పనికొస్తుంది గానీ, లోపల నీళ్లు పోతున్నాయో మడ్డి అడ్డం పడిందో కనిపించదు. నాకు కనిపించాలి.

పైపు పొడవైతే జోరు కొంచెం తగ్గుతుంది. 30 లీటర్లు పోవడానికి ఐదు నిమిషాలు పడుతోంది. రాళ్లు కదపడానికి ఆ నెమ్మదే మంచిది. ఇప్పుడు నీళ్లు హాల్లోంచి గడప దాటి నేరుగా బాత్రూం జాలీలో పడుతున్నాయి. వానాకాలం, చలికాలం వారం విడిచి వారం పైపును బాల్కనీ వైపు తిప్పి టబ్బు నింపుకుంటాను. ఆ నైట్రేట్ నీళ్లు కరివేపాకు, పుదీనా కుండీలకు బలం. మా పుదీనా చూసి కింది ఫ్లాటు వదిన "ఏం ఎరువేస్తున్నవమ్మా" అని అడిగింది. చేపలకు జబ్బు చేసి ఉప్పో నీలం మందో వేసిన వారం మాత్రం మొక్కలకు పోయొద్దు.

ఒకసారి గట్టి దెబ్బే తగిలింది. పైపు బాత్రూంలో వదిలి, సైఫన్ గొట్టం రాళ్లలో నిలబెట్టి, ఒక పెళ్లి బ్లౌజు గురించి ఫోన్ వస్తే మాట్లాడుతూ వంటింట్లోకి పోయాను. చేతులు బుట్టవా మోచేతివరకా, లేసు ఎక్కడ, వెనక దోరీనా హుక్కులా... పావుగంట. బకెట్ అయితే నిండి పొర్లి గుర్తు చేసేది. జాలీకి ఆ మర్యాద లేదు. వచ్చి చూసేసరికి తొట్టిలో నాలుగంగుళాల నీళ్లు, ఒరాండా పక్కకు ఒరిగి నోరు కొట్టుకుంటోంది. గుండె జారిపోయింది. తొట్టి నింపడానికి పట్టి పెట్టిన టబ్బు నీళ్లు కొన్ని పోస్తే లేచి ఈదింది. మా వాడికి ఇప్పటిదాకా చెప్పలేదు. అప్పటి నుంచి గాజు మీద ముప్పావు ఎత్తులో ఎర్ర టేపు అంటించాను, గొట్టం చెయ్యి వదిలి ఎక్కడికీ పోను. ఫోన్ మోగితే మోగనీ.

ఇక నీళ్లు నింపే సంగతి. ధర్మసాగర్ రిజర్వాయర్ నుంచి ఊరికి వచ్చే నల్లా నీళ్లు మంచివే, కానీ క్లోరిన్ కలుపుతారు, మూత తీస్తే బ్లీచింగ్ వాసన. అది మనకు రక్ష, చేప మొప్పలకు మాత్రం మంట. ముందు రోజు టబ్బులో పట్టి ఒక పగలూ రాత్రీ మూత లేకుండా ఉంచితే చాలావరకు గాల్లో కలుస్తుంది. తొందరగా కావాలంటే దుకాణంలో యాంటీ క్లోరిన్ చుక్కల సీసా దొరుకుతుంది, సీసా మీద రాసిన లెక్క ప్రకారం కలపాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ మా అపార్ట్‌మెంట్ బోరు ఉప్పన. తొట్టి గాజు అంచున తెల్లటి సున్నం గీతలు కడుతుంది. తుడవాలంటే నిమ్మచెక్కతో రుద్దాల్సిందే.

టబ్బులోని 30 లీటర్లను నాలుగడుగుల ఎత్తుకు ఎక్కించడం ఎట్లా? మగ్గుతో పోస్తే భుజం పడిపోతుంది. కూలర్‌లో నీళ్లు ఎక్కించే చిన్న మోటారు ఉంటుంది కదా, అదే టబ్బులో వేసి, మిగిలిన లెవెల్ పైపు ముక్క తగిలించి, కొసను తొట్టి అంచుకు బట్టల క్లిప్పుతో పట్టిస్తాను. దేవాదుల నుంచి గోదావరిని ధర్మసాగర్‌కు ఎత్తిపోస్తారు, అక్కడి నుంచి మా ఇంటికి, టబ్బు నుంచి తొట్టికి ఎత్తిపోసేది నేను. మా ఆయన దీనికి 'కిషన్‌పుర ఎత్తిపోతల పథకం' అని పేరు పెట్టాడు. ఆయన చేసిన సాయం అదే.

మొదట చలికాలంలో మొదలుపెట్టాం కాబట్టి కూలర్ మోటారు ఖాళీగా ఉంది. మార్చి రాగానే మా ఆయన దాన్ని పీకి కూలర్‌లో పెట్టుకున్నాడు. 230 పెట్టి ఇంకోటి కొన్నాను. కొత్తదే మంచిది. పాత మోటారుకు సున్నం పట్టి ఉంటుంది, కూలర్ నీళ్లలో కొందరు వాసన కోసం అవీ ఇవీ వేస్తారు, అవి చేపలకు పడవు. కరెంటు వస్తువు నీళ్లలో ఉంది కాబట్టి ప్లగ్గు తీశాకే టబ్బులో చెయ్యి పెట్టండి. ప్లగ్గుకు పోయే వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదలండి, తడి వైరు మీద జారిన చుక్కలు స్విచ్ బోర్డులోకి పోకుండా కింద రాలిపోతాయి.

మన వరంగల్ మే నెల గురించి ఒక మాట. మధ్యాహ్నం మిద్దె మీది సింటెక్స్ నీళ్లు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ నీళ్లు నేరుగా తొట్టిలో పోస్తే చేప ఉడికినంత పనవుతుంది. అసలే వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. గోల్డ్ ఫిష్ చల్లదనం కోరే చేప. అందుకే ఎండాకాలం రాత్రి పట్టిన టబ్బు నీళ్లు, తెల్లవారుజామున ఆరింటిలోపు మార్పు. ఐస్ ముక్కలు వేయొద్దని మా ఆడపడుచు కూతురు చెప్పింది, నీళ్ల వేడి ఒక్కసారిగా మారితే అదీ దెబ్బేనట.

నల్లాకే బిగించుకునే రకం ఒకటి ఉందని మా వాడు వీడియో పంపాడు. అమెరికాలో 'పైథాన్' అని అమ్ముతారు. నల్లా జోరుతోనే తొట్టి నీళ్లు లాగుతుంది, మీట తిప్పితే అదే పైపు నుంచి నింపుతుంది. బకెట్ మాటే లేదు. చూడ్డానికి బాగుంది. కానీ లాగేంతసేపూ నల్లా తిప్పి నీళ్లు వదలాలి. నల్లా వచ్చినప్పుడు సంపులు నింపుకునే మనం 30 లీటర్ల మురికి లాగడానికి మంచి నీళ్లు కూడా కాల్వలో పోయాలా? పైగా నింపేటప్పుడు క్లోరిన్ నీళ్లు నేరుగా తొట్టిలోకే. నాకు వద్దని చెప్పాను.

దుకాణాల్లో ఇంకో సలహా ఇస్తారు, సక్కర్ ఫిష్ వేస్తే అదే అడుగంతా శుభ్రం చేస్తుందని. నమ్మి వేశాను. అది నాచు నాకుతుంది, నిజమే. కానీ అది నాకిన దానికి అది వేసే పెంట ఎక్కువ. దారాల్లాగా వేలాడదీసుకుని తిరుగుతుంది. జానెడు పెరిగాక దుకాణంలో వాపసు ఇచ్చేశాను. పెరిగిందని భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో మాత్రం వదలకండి. బయటి దేశం చేప, ముళ్ల ఒళ్లు, వలలో పడితే వల చింపుతుంది.

సైఫన్ లోపాలు ఇంకొన్ని. మూలల్లోకి, రాతి గుహ బొమ్మ వెనక్కి లావు గొట్టం దూరదు. అక్కడ లావు గొట్టం తీసేసి సన్న పైపుతో లాగుతాను. జల్లెడ బిగుతు లేదు, రెండుసార్లు రాళ్లలోనే ఊడిపోయింది. వాడాక పైపును నీళ్లు కారేటట్టు నిలువుగా వేలాడదీయాలి. వెలుతురులో తడిగా చుట్టి పెడితే లోపల పచ్చటి నాచు పడుతుంది, దాన్ని తీయడం మన తరం కాదు. మా ఇంట్లో అది బాత్రూం తలుపు వెనక, మా ఆయన తువ్వాలు పక్క కొక్కేనికి వేలాడుతుంది. ఆయనకు నచ్చదు.

ఎనిమిదో నెలలో రబ్బరు బల్బు అతుకు దగ్గర పగిలింది. గాలి పీల్చడం మొదలై, పారుతున్న నీళ్లు మధ్యలో ఆగిపోయేవి. తెల్ల టేపు చుట్టాను, రెండు వారాలు ఆగింది. దుకాణంలో అడిగితే బల్బు విడిగా రాదు, మొత్తం కొనాలన్నాడు. మళ్లీ తమ్ముడికి ఫోన్ చేశాను. "బల్బెందుకే, తీసి పారెయ్" అన్నాడు. ఇప్పుడు బల్బు తీసేసి ఆ జాగాలో ఇంకో 10 రూపాయల జాయింటు వేశాను. గొట్టం తొట్టిలో ముంచి, బాత్రూం వైపు కొసను నల్లాకు పట్టిస్తాను. నల్లా సన్నగా తిప్పితే నీళ్లు పైపులో ఎదురెక్కి, గాలంతా గొట్టం మూతి నుంచి బుడబుడమని తొట్టిలోకి వెళ్లిపోతుంది. బుడగలు ఆగగానే నల్లా కట్టేసి, కొస పీకి కింద పడేస్తే చాలు, నీళ్లు వెనక్కి తిరిగి పారుతాయి. తొట్టిలోకి పోయే నల్లా నీళ్లు గ్లాసెడు కూడా ఉండవు. పిసకడం కంటే ఇదే సులువుగా ఉంది.

కాబట్టి కొత్తగా కొనేవాళ్లు బల్బు ఉన్నదానికి 280 పెట్టకండి. బల్బు లేనిది, ఉత్త లావు గొట్టం, సన్న పైపుతో ఉన్నది అదే దుకాణంలో 150కి ఉంది. మిగిలిన 130తో ఇంకో ఆరు మీటర్ల లెవెల్ పైపు వస్తుంది.